పన్నెండు పెన్నీలు, ఇరవై షిల్లింగులు: పాత కారు కాగితాల్లో ధర చదవడం

(పాత కార్ల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని ఎత్తిరాసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినబడుతోందా? బాగుంది. కార్లు బయట చెట్టుకింద నిలబెట్టి వచ్చారు, మనసంతా అక్కడే ఉంటుంది. అందుకని ఉపోద్ఘాతం లేకుండా లెక్కలోకి దిగిపోదాం.

ప్రదర్శనల్లో కారు ముందు ఒక బోర్డు పెడతాం కదా. మోడల్, సంవత్సరం, ఇంజిన్, కొత్తలో ధర. 1932 ఎంజీ జె2 ముందు ‘కొత్తలో ధర 199.10 పౌండ్లు’ అని రాస్తారు. ఏదో పాత కాగితంలో అలా చుక్క పెట్టి ఉంటుంది, దాన్నే చూసి రాస్తారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదండీ. పౌండ్లకీ షిల్లింగులకీ మధ్య అడ్డుగా పెట్టిన చుక్క. అది 199 పౌండ్ల 10 షిల్లింగులు. ఇప్పటి లెక్కలో 199 పౌండ్ల 50 పెన్నీలు. బోర్డు మీద పోయింది ఎంత? 40 పెన్నీలు, అంటే పాత లెక్కలో ఎనిమిది షిల్లింగులు. ఆ రోజుల్లో ఐదు గ్యాలన్ల పెట్రోలు వచ్చే డబ్బు అది.

ఆ పాత బ్రిటిష్ డబ్బు పద్ధతి మీ అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి చెప్పుకుందాం. పౌండుకి 20 షిల్లింగులు. షిల్లింగుకి 12 పెన్నీలు. అంటే పౌండుకి 240 పెన్నీలు. పెన్నీలో సగం హాఫ్‌పెన్నీ, పావు ఫార్దింగ్. రాసేటప్పుడు పౌండుకి ఎల్, షిల్లింగుకి ఎస్, పెన్నీకి డి. బిల్లు పుస్తకంలో పైన ఎల్, ఎస్, డి అని మూడు గళ్లు ఉంటాయి. మన పాత చిట్టాల్లో రూపాయలు, అణాలు, పైలు అని మూడు గళ్లు ఉండేవే, అలాగే. అణాకి పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు చదువుకున్న తరానికి ఇది చెప్పాల్సిన పనే లేదు. పదులతో పెరిగినవాళ్లకే ఇబ్బంది.

ఇక గీత. ఏటవాలు గీత. 12/6 అంటే ఏమిటి? పన్నెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. 5/- అంటే ఐదు షిల్లింగులు, పెన్నీలు లేవు. 19/11 అంటే పౌండుకి ఒక్క పెన్నీ తక్కువ. మన బాటా చెప్పుల ధర గుర్తొచ్చిందా? అదే మాయ. ఇంత తేలిక కదా, మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? కంప్యూటర్ దగ్గర జరుగుతుంది. విడిభాగాల జాబితా ఎక్సెల్‌లోకి ఎక్కిస్తారు, 12/6 అని కొడతారు. అది తేదీ అయిపోతుంది. జూన్ 12 అవుతుందో, డిసెంబర్ 6 అవుతుందో మీ సెట్టింగుని బట్టి. సేవ్ చేసి మూసేశాక మళ్లీ పాత అంకె రాదు. స్కాన్ చేసి అక్షరాలుగా మార్చే యాప్‌లు ఇంకో పని చేస్తాయి: 5/- ని 51 అని చదువుతాయి. ఐదు షిల్లింగుల గ్యాస్కెట్ యాభై ఒకటి అయి కూర్చుంటుంది.

కాబట్టి ఒకే గడిలో కొట్టకండి. పౌండ్లకి ఒక గడి, షిల్లింగులకి ఒకటి, పెన్నీలకి ఒకటి. నాలుగో గడిలో మొత్తం పెన్నీలు: పౌండ్లు ఇంటూ 240, షిల్లింగులు ఇంటూ 12, దానికి పెన్నీలు కలపాలి. కూడికలు, తీసివేతలు, శాతాలు అన్నీ ఆ నాలుగో గడిలోనే చేయండి. అన్నీ అయ్యాక చివర్లో ఒక్కసారి 240తో భాగించి పౌండ్లు తీయండి, మిగిలినదాన్ని 12తో భాగించి షిల్లింగులు తీయండి. మధ్యలో దశాంశాల్లోకి మార్చారో, ఒక్కో వరుసలో కాస్త కాస్త పోయి చివర అసలు బిల్లుతో సరిపోదు.

చేత్తో కూడితే కుడి నుంచి ఎడమకి. ఒక గ్యారేజీ బిల్లులో మూడు వరుసలున్నాయి అనుకోండి: 2 పౌండ్ల 17 షిల్లింగుల 9 పెన్నీలు, 4 షిల్లింగుల 6 పెన్నీలు, 1 పౌండు 12 షిల్లింగుల 11 పెన్నీలు. పెన్నీలు 26. అంటే రెండు షిల్లింగులు, మిగిలింది 2. షిల్లింగులు 17, 4, 12, ఆ చేతిలో రెండు: 35. అంటే ఒక పౌండు, మిగిలింది 15. పౌండ్లు నాలుగు. మొత్తం 4 పౌండ్ల 15 షిల్లింగుల 2 పెన్నీలు. రెండే రెండు గుర్తుంచుకోవాలి: పెన్నీల గడి దాటేటప్పుడు పన్నెండు, షిల్లింగుల గడి దాటేటప్పుడు ఇరవై. అక్కడ పది వేశారో, అయిపోయింది.

ఈ పద్ధతిని వెర్రి పద్ధతి అని నవ్వుతారు గానీ, దుకాణదారుకి ఇందులో ఒక సుఖం ఉంది. డజను ధర ఎన్ని షిల్లింగులో, ఒక్కదాని ధర అన్ని పెన్నీలు. స్ప్లిట్ పిన్నులు డజను 3 షిల్లింగులైతే ఒక్కటి 3 పెన్నీలు. విడిభాగాల జాబితాలో ఒక వరుస ‘డజను’ లెక్కలో, కింద వరుస ‘ఒక్కటి’ లెక్కలో ఉంటుంది. అది చూసుకోకుండా కూడితే మొత్తం తలకిందులు.

గినీ సంగతి. గినీ అంటే 21 షిల్లింగులు. పౌండు, దానిమీద ఒక షిల్లింగు. గినీ నాణెం ముద్రించడం పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. లెక్కలో మాత్రం బతికే ఉంది: డాక్టర్ ఫీజు, లాయర్ ఫీజు, వేలం పాట, దర్జీ కుట్టిన సూటు. కాస్త గొప్పగా కనపడాలనుకున్న ప్రతివాడూ గినీల్లో చెప్పేవాడు. ఆటోమొబైల్ అసోసియేషన్, అదే ఏఏ, చాలా ఏళ్లు ఏడాది చందా రెండు గినీలు తీసుకుంది. రెండు పౌండ్ల రెండు షిల్లింగులన్నమాట. కాగితం మీద ‘జీఎన్ఎస్’ అనే మూడక్షరాలు కనపడితే గినీలు. పౌండ్లలోకి తేవాలంటే 1.05తో హెచ్చించండి, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1959లో మినీ వచ్చింది. బేసిక్ మోడల్ ధర 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. ఈ అంకె మినీ ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు. కానీ ఎప్పుడైనా ఆలోచించారా, ఆ చివరి రెండు పెన్నీలు ఎక్కడివి? కంపెనీవాడు కూర్చుని రెండు పెన్నీలు లాభం వేసుకున్నాడా?

కాదు. కంపెనీ ధర గుండ్రంగా 350 పౌండ్లు. మిగిలిన 146 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు పర్చేజ్ ట్యాక్స్, అంటే కొనుగోలు పన్ను. అప్పుడు కార్ల మీద ఆ పన్ను 50 శాతం. ‘350కి సగం 175 కదా, 146 ఎలా అయింది?’ అని అడగాలి మీరు. ఆ పన్ను మనం దుకాణంలో కట్టే ధర మీద వేయరు, టోకు ధర మీద వేస్తారు. లెక్క వెనక్కి కట్టి చూస్తే టోకు ధర అమ్మకపు ధరలో ఆరింట ఐదు వంతులుగా వస్తుంది. దాంట్లో సగం అంటే పన్నెండింట ఐదు వంతులు. 350లో పన్నెండింట ఐదు వంతులు 145 పౌండ్ల 16 షిల్లింగుల 8 పెన్నీలు. దానికి 1 పౌండు 2 షిల్లింగుల 6 పెన్నీలు కలపండి. సరిగ్గా 146-19-2.

ఈ చివర కలిపినది ఏదో కాకతాళీయం అనుకుంటారేమో. మినీ డీలక్స్ తీసుకోండి. కంపెనీ ధర 378 పౌండ్ల 10 షిల్లింగులు. పన్నెండింట ఐదు వంతులు, దానిమీద 1-2-6. మొత్తం 537 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. అప్పటి ధర అదే. 1961లో జాగ్వార్ ఈ-టైప్ రోడ్‌స్టర్ వచ్చింది, కంపెనీ ధర 1,480. అదే సూత్రం వేయండి: 2,097 పౌండ్ల 15 షిల్లింగుల 10 పెన్నీలు. జాగ్వార్ అడిగిన ధర పెన్నీతో సహా అదే! మినీకీ ఈ-టైప్‌కీ అన్నింటా ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, పన్ను సూత్రం మాత్రం ఒక్కటే.

దీనివల్ల మనకేం ఉపయోగం? చాలా ఉంది. మీ చేతిలో ఉన్న ధర పన్నుకి ముందుదా, తర్వాతదా అని తేల్చుకోవచ్చు. గుండ్రంగా పౌండ్లలోనో, పది షిల్లింగుల్లోనో ముగిస్తే చాలావరకు పన్ను లేని ధర. చివర చిల్లర పెన్నీలుంటే పన్నుతో కలిసినది. బ్రిటన్‌లో ఈ పన్ను యుద్ధకాలంలో వచ్చింది కాబట్టి 1930ల కార్లకి ఈ గొడవ లేదు. 1935లో ఫోర్డ్ మోడల్ వై సెలూన్ వంద పౌండ్లు అంటే వంద పౌండ్లే. యుద్ధం తర్వాతి కారుని దానితో పోల్చేవాళ్లు పన్ను తీసేసి పోల్చాలి. పన్ను రేటు కూడా అప్పుడప్పుడూ కదులుతూనే ఉంది, 1961 వేసవిలోనే మళ్లీ పెంచారు. కాబట్టి నెల తెలియకుండా 50 శాతం సూత్రం వాడొద్దు.

ఇంకో చిన్న ఉదాహరణ. 1947లో వెయ్యి పౌండ్లు దాటిన కార్లకి పర్చేజ్ ట్యాక్స్ రెట్టింపు చేశారు. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే 120 కంపెనీ ధర ఎంత? 998 పౌండ్లు. అర్థమైంది కదా.

ధర చూస్తున్నప్పుడు ‘ఎక్స్ వర్క్స్’ అనే మాట కూడా వెతకండి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర అది. రవాణా, నంబర్ ప్లేట్లు, రోడ్డు పన్ను విడిగా. ఖరీదైన కార్లకైతే ‘ఛాసిస్’ (ఇంజిన్‌తో కూడిన చట్రం) అన్న మాట చూడాలి. 1933 బెంట్లీ మూడున్నర లీటర్లకి 1,100 పౌండ్లు అంటే ఛాసిస్‌కి మాత్రమే, బాడీ కట్టేవాడి బిల్లు వేరే. మన చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 సిల్వర్ ఘోస్ట్ అలాంటిదే: ఛాసిస్ రోల్స్‌రాయిస్‌ది, బాడీ లండన్ బార్కర్‌ది. రెండు చోట్ల డబ్బు కట్టిన బండికి ఒక్క ధర రాసి బోర్డు పెడితే అది సగం ధరే.

పన్నుల మాట వచ్చింది గనక హార్స్‌పవర్ పన్ను గురించి చెప్పకుండా వదలను. ఇది ధరని మార్చిన పన్ను కాదు, ఇంజిన్‌ని మార్చిన పన్ను. 1921 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో కారుకి హార్స్‌పవర్‌కి ఏడాదికి ఒక పౌండు. ఏ హార్స్‌పవర్? ఇంజిన్ ఇచ్చే బలం కాదు. ఆర్ఏసీ (రాయల్ ఆటోమొబైల్ క్లబ్) సూత్రం: బోరుని, అంటే సిలిండర్ లోపలి వెడల్పుని, అంగుళాల్లో వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి, రెండున్నరతో భాగించాలి. మిల్లీమీటర్లలో అయితే 1,613తో భాగించాలి. ఇందులో స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, ఎక్కడుంది? లేదు! అదీ కిటుకు. స్ట్రోకు ఎంత పొడుగు పెట్టినా పన్ను పెరగదు. ఇంజనీర్లు ఏం చేస్తారు? బోరు సన్నం చేశారు, స్ట్రోకు సాగదీశారు.

ఆస్టిన్ సెవెన్ 747 సీసీ బోరు 56 మిల్లీమీటర్లు, స్ట్రోకు 76.2. లెక్క కట్టండి: 7.8 వస్తుంది. పన్ను 8 పౌండ్లు. ఫోర్డ్ మోడల్ టి బోరు మూడు ముప్పావు అంగుళాలు, లెక్క 22.5. పన్ను 23 పౌండ్లు. అమెరికా నుంచి వచ్చిన చౌక కారుకి ఏటా 23, ఇంగ్లండ్‌లో పుట్టిన బుల్లి కారుకి 8. సెవెన్, ఎయిట్, టెన్, ట్వెల్వ్ అని కార్లకి పేర్లు పెట్టింది ఈ పన్ను అంకెలతోనే. ఆల్విస్ 12/50 అంటే పన్ను లెక్కలో 12, నిజమైన బలం 50. అక్కడ గీతని షిల్లింగులు, పెన్నీలు అనుకోకండి మళ్లీ.

ఈ రేటు 1935లో హార్స్‌పవర్‌కి 15 షిల్లింగులకి దిగింది, 1940లో 25 షిల్లింగులకి ఎక్కింది. 1948 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకటే 10 పౌండ్లు. అప్పుడు గానీ బోరుకి స్వేచ్ఛ రాలేదు. 1950లో చూపించిన ఫోర్డ్ కాన్సల్‌కి బోరు 79.4, స్ట్రోకు 76.2, అంటే స్ట్రోకు కంటే బోరే పెద్దది. పాత అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు. మన అంబాసిడర్‌లో వచ్చిన 1,489 సీసీ ఇంజిన్ చూడండి: బోరు 73, స్ట్రోకు 88.9. ఆ పన్ను పోయాక కూడా దాని నీడ మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది.

దీన్ని మీ కారుకి కట్టి చూసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఇంజిన్ విప్పి ఉంది కదా అని వెర్నియర్ పెట్టి బోరు కొలుస్తారు. ఆ బ్లాకు ఇప్పటికే రెండుసార్లు బోరు కొట్టించి ఉంటుంది. ఆస్టిన్ సెవెన్‌కి 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజు అంటే బోరు 57.5 అయిపోయింది, లెక్క 8.2 వస్తుంది, కేటలాగ్‌తో కలవదు. కేటలాగ్ తప్పు అని మాత్రం అనకండి. స్టాండర్డ్ బోరుతోనే లెక్క కట్టాలి. ఇంకోటి, పొడుగు స్ట్రోకు ఇంజిన్లలో అదే ఆర్‌పీఎంకి పిస్టన్ ఎక్కువ దూరం పరిగెత్తాలి. ఎంజీ టీసీ స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. 5,000 దగ్గర పిస్టన్ సగటున సెకనుకి 15 మీటర్లు పోతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద కొత్త కార్లతో పోటీపడితే ముందు పోయేవి బిగ్ ఎండ్ బేరింగులే.

టీసీ ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట, తర్వాత మళ్లీ డబ్బులోకి వస్తాను. ఆ ఇంజిన్‌లో బోల్టుల మరలు మెట్రిక్, తలకాయలు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతవి. పావు విట్‌వర్త్ తల 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. 13 పానా ఎక్కదు, 14 పానా వదులుగా తిరిగి మూలలు తినేస్తుంది. విట్‌వర్త్ పానా సెట్టు కొనుక్కోండి, అంతే. పానా మీద రాసిన పావు అంగుళం బోల్టు కాండానిది, తలది కాదు.

పెట్రోలు. పాత బిల్లులో ‘8 గ్యాలన్లు, 4/9 చొప్పున’ అని ఉందనుకోండి. ఎనిమిది నాలుగులు 32 షిల్లింగులు, ఎనిమిది తొమ్మిదులు 72 పెన్నీలు అంటే 6 షిల్లింగులు. మొత్తం 38 షిల్లింగులు, 1 పౌండు 18 షిల్లింగులు. ఆ గ్యాలను 4.546 లీటర్లది, అమెరికా గ్యాలను 3.785 లీటర్లది. బ్రిటిష్ బ్రోషర్‌లో గ్యాలనుకి 30 మైళ్లు అంటే లీటరుకి 10.6 కిలోమీటర్లు. నెట్‌లో కన్వర్టర్ అమెరికా గ్యాలను పట్టుకుంటే 12.8 చూపిస్తుంది, మీ కార్బురేటర్ బాగాలేదని మీరు పాపం మెకానిక్‌ని తిడతారు.

కొత్త పద్ధతి 1971 ఫిబ్రవరి 15న వచ్చింది. పౌండుకి వంద కొత్త పెన్నీలు. మార్చడం తేలిక: షిల్లింగులని ఐదుతో హెచ్చించండి, పాత పెన్నీలని 2.4తో భాగించండి. 19 షిల్లింగుల 2 పెన్నీలు అంటే 95, దానికి 0.83. 1958లో లండన్‌లో మొదటి పార్కింగ్ మీటర్లు గంటకి ఆరు పెన్నీలు తీసుకున్నాయి, అంటే కొత్తవాటిలో రెండున్నర. ‘గంటకి ఆరు పి’ (పి అంటే కొత్త పెన్నీ) అని రాస్తే రెండింతలు మించిపోయింది.

కొందరు కారుతోపాటు డ్యాష్‌బోర్డు మీద ఆనాటి నాణేలు పెడతారు. చక్కని ఆలోచనే, సంవత్సరాలు చూసుకోండి. 1934 కారు పక్కన పన్నెండు మూలల ఇత్తడి మూడు పెన్నీల బిళ్ల పెట్టకూడదు, అది 1937లో వచ్చింది. 1934కి ఐదో జార్జి బొమ్మ ఉండాలి. పాత పెన్నీ 30.8 మిల్లీమీటర్ల వెడల్పు, 9.45 గ్రాములు, కంచు. 1920 నుంచి 1946 దాకా షిల్లింగు, ఫ్లోరిన్, హాఫ్‌క్రౌన్‌లలో సగం వెండి. 1947 నుంచి రాగి, నికెలు, వెండి సున్నా. 1933 పెన్నీ ఉందని ఎవరైనా తెస్తే నవ్వి పంపించేయండి. ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. రేడియేటర్ తుడిచిన బ్రాసోతో నాణేలు మాత్రం తుడవకండి. పైనున్న గోధుమరంగు పొర పోతే విలువా పోతుంది. పీవీసీ కవర్లో కూడా పెట్టకండి, కొన్నాళ్లకి పచ్చగా జిగురు పడుతుంది.

చివరగా మన రూపాయి. ఇంగ్లండ్ ధరని రూపాయల్లో చెప్పమంటారు జనం. ఏ రేటు వేయాలి? గూగుల్‌లో ఇవాళ్టి రేటు వేయకూడదని వేరే చెప్పాలా? నిజాం సిల్వర్ ఘోస్ట్ నాటికి, అంటే 1912లో, రూపాయి 1 షిల్లింగు 4 పెన్నీలు, కాబట్టి పౌండుకి 15 రూపాయలు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఊగిసలాడింది, ఆ పదేళ్ల కాగితాలకి తేదీ చూసే రేటు వెతకాలి. 1927లో 1 షిల్లింగు 6 పెన్నీలుగా స్థిరపడింది. అంటే పౌండుకి 13 రూపాయల 5 అణాల 4 పైలు. 1949లో పౌండు విలువ తగ్గినప్పుడు మన రూపాయి కూడా వెంటే తగ్గింది, అందుకని ఈ రేటు 1966 జూన్ 6 దాకా నిలిచింది. ఆ రోజు నుంచి 21 రూపాయలు, 1967 నవంబరులో పౌండు మళ్లీ పడ్డాక 18.

మన జె2కి వేద్దాం. 199 పౌండ్ల 10 షిల్లింగులు ఇంటూ 13-5-4. సరిగ్గా 2,660 రూపాయలు, ఒక్క అణా అటూ ఇటూ లేదు. ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం దీనిమీద.

హైదరాబాదు కాగితాలైతే ఇంకో మెలిక. ఇక్కడ నిజాం సొంత నాణెం, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ ఆరు కల్దార్. వంద కల్దార్‌కి 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. కాబట్టి ఆ 2,660 కల్దార్ హాలీలో 3,103 రూపాయల 5 అణాల 4 పైలు. పాత హైదరాబాదు రసీదులో ‘ఓఎస్’ అని ఉంటే ఉస్మానియా సిక్కా, ‘బీజీ’ అని ఉంటే కల్దార్. ఏమీ లేకపోతే కల్దార్ అనుకోవడానికి తొందరపడకండి. ముందు అదే కట్టలో ఇంకో కాగితం చూడండి.

సరే, మీరు తెచ్చిన బిల్లులన్నీ ఆ పక్క బల్ల మీద పరుద్దాం. ఇంగ్లండ్‌వి ఒక కుప్ప, మనవి ఒక కుప్ప, హైదరాబాదు సంస్థానంవి మూడో కుప్ప. మన కుప్పలో 1957 ఏప్రిల్ 1కి ముందువి అణాలు, తర్వాతవి నయా పైసలు, అవి కూడా విడదీయండి. తేదీ లేని కాగితాలు ఎవరివైనా ఉంటే వాటితోనే మొదలుపెడదాం, వాటికే ఎక్కువసేపు పడుతుంది.